పిల్లి పేరు మారిస్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

అమెరికా రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890–1937) రాసిన భయానక కథల్లో జాతి ద్వేషం ఉంది కాబట్టి వాటిని పక్కన పెట్టాలని కొందరు, ఆ ముక్కలు కత్తిరించి అనువాదాలు వేసుకోవచ్చని ఇంకొందరు అంటున్నారు. కత్తిరించమనేవాళ్లు ఆ కథల్ని నిదానంగా చదివినట్టు లేరు.

ఆ ద్వేషం అన్ని కథల్లో ఒకేచోట ఉండదు. ‘ది రాట్స్ ఇన్ ది వాల్స్’లో ఒక పిల్లి పేరులో ఉంది, నల్లవాళ్లను తిట్టే మాటే దాని పేరు. అది మార్చినా గోడల్లో ఎలుకలు పరుగెడుతూనే ఉంటాయి. ‘ది షాడో ఓవర్ ఇన్స్‌మౌత్’ అలా కాదు. చేపమొహాల జనం ఉన్న ఊరి నుంచి తప్పించుకున్న కథకుడికి, అమ్మమ్మ తరఫున తానూ ఆ సంతతేనని తర్వాత తెలుస్తుంది. అద్దంలో తన మొహమూ మారిపోతుంటుంది. రక్తం కలిసిపోతుందన్న భయమే అక్కడ కథ. అది తీసేస్తే మిగిలేది బస్సు ప్రయాణం. (చివరికి అతను సంతోషంగా సముద్రం దారి పట్టడం మాత్రం రచయిత ద్వేషానికి లొంగని ముగింపు.)

1925లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండగా రాసిన ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’ మరీ అన్యాయం. భయపెట్టే పనంతా వలసవాళ్ల మొహాల మీదే వదిలేశాడు. కథగా కూడా తేలిపోయింది. రచయిత విక్టర్ లావాల్ 2016లో దాన్నే ఒక నల్లజాతి యువకుడి వైపు నుంచి తిరగరాస్తే ప్రాణం వచ్చింది.

‘ఆ రోజుల్లో అందరూ అంతే’ అన్న సమర్థన నిలవదు. న్యూయార్క్ గుంపుల్లో ఆయన కోపంతో ఊగిపోయేవాడని రాసింది ఆయన భార్య సోనియా గ్రీనే. ఆమె యూదురాలు. అందరూ అంతే అయితే ఆయన కోపం ఆమెకు ప్రత్యేకంగా కనపడేది కాదు.

అనువదించి వేసేవాళ్లు మొదటి కథగా ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’ (1927) పెట్టాలి. ఉల్క పడ్డ పొలంలో గాలి లేకుండానే కొమ్మలు ఊగుతాయి, పశువులు బూడిదరంగు తిరిగి పెళుసుబారి రాలిపోతాయి. అక్కడ శత్రువు ఏ జాతీ కాదు, పేరు లేని ఒక రంగు. లవ్‌క్రాఫ్ట్ సత్తా ఏమిటో పాఠకుడికి ముందు అక్కడే తెలుస్తుంది. ‘రెడ్ హుక్’ చివర్లో చాలు.

ఏ కథలోనూ తిట్టుమాటను మెత్తబరచొద్దు. మెత్తబరిస్తే ఆ మర్యాద రచయితదే అనుకుంటారు. రాసిన ఏడాది, ఊరు, సందర్భం చెప్పే అరపేజీ ప్రతి కథకూ ముందుండాలి. ఇన్స్‌మౌత్ కథకు మాత్రం ఆ అరపేజీ వెనక వేయాలి. ముందే వేస్తే అమ్మమ్మ గుట్టు అక్కడే బయటపడిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు