ఇంటి పక్కసందుల పని: మా కస్టమర్లకు ఒక వివరణ

ఒంగోలులోని మా దుకాణానికి బండలకూ పేవర్ బ్లాకులకూ వచ్చేవారు ఈమధ్య రెండు ప్రశ్నలు తరచుగా అడుగుతున్నారు. కొత్త ఇంటికీ ప్రహరీకీ మధ్య సందులో దారి వేయడానికి మా అంచనా ఇతరులకంటే ఎందుకు ఎక్కువగా ఉంటోందన్నది ఒకటి. గృహప్రవేశానికి ముందే పని ముగించమంటే ఎందుకు వెనకాడుతున్నామన్నది మరొకటి. రెండింటికీ జవాబు రాయి కింద ఉన్న నేలలోనే ఉంది కనుక, ఈ సీజను నుంచి మేము పాటించబోయే పద్ధతిని దాపరికం లేకుండా తెలియజేస్తున్నాము.

పునాదులకు తవ్విన మట్టినే తిరిగి ఆ గోతుల్లో పోసి పూడుస్తారు. పొరపొరకూ తడిపి దిమ్మిసతో కొట్టించిన ఇళ్లు మేము చూసినంతలో తక్కువే. పైకి గట్టిగా కనిపించినా లోపల గుల్లగా ఉండే ఆ మట్టి మొదటి ముసురుకే దిగడం మొదలుపెడుతుంది. అదీ గోడను ఆనుకున్న వైపే ఎక్కువగా దిగుతుంది. దాంతో దారి ఇంటివైపు ఒరిగి, బయటికి పోవలసిన నీరు గోడ మొదట్లో నిలుస్తుంది. నల్లరేగడి నేలల్లో మరో చిక్కు ఉంది. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే ఆ మట్టిలో మే నెలకల్లా అరచేయి నిలువుగా దూరేంత నెర్రెలు పడతాయి. సిమెంటుతో బిగించిన బండలు ఆ కదలికను తట్టుకోలేవు. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు ఇసుక నేలలకు ఆ బాధ లేదు గానీ, అంచుకట్టు లేకపోతే వానకు ఇసుక జారిపోయి బ్లాకులు విడిపోతాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను తర్వాత మమ్మల్ని మరమ్మతులకు పిలిచిన ఇళ్లలో రాయి దానంతట అది పగిలిన చోట్లు అరుదు. నేల దిగిన చోట్లే ఎక్కువ.

అందువల్ల పునాది పూడ్చిన తర్వాత ఒక్క వానాకాలమైనా గడవని ఇంటికి ఇకపై సిమెంటు పాయింటింగుతో (బండల మధ్య అతుకులను సిమెంటుతో పూడ్చి) బండలు పరచము. ముహూర్తం దగ్గరపడిందంటే, గ్రావెల్ మీద క్వారీ డస్ట్ (కంకర మిల్లు రాతిపొడి) పరిచి బ్లాకులను పొడిగా అమర్చి ఇస్తాము. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానలు వెళ్లాక, దిగిన చోట బ్లాకులు లేపి, డస్ట్ సరిచేసి, మళ్లీ అవే బ్లాకులు అమర్చవచ్చు. ఆ సవరణ కూలి మొదటి అంచనాలోనే కలిపి రాస్తున్నాము. మా మొత్తం పెద్దదిగా కనిపించడానికి అదొక కారణం.

రెండో కారణం అడుగుపని, అంటే రాయి కింద నేలను సిద్ధం చేసే పని. మూడున్నర అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న సందు 140 చదరపు అడుగులవుతుంది. దాని కింద 4 అంగుళాల మందాన గ్రావెల్ కావాలంటే సుమారు 47 ఘనపుటడుగులు. కొట్టిన తర్వాత అణిగిపోతుంది కనుక తెప్పించవలసింది 60 దాకా. నల్లమట్టి అయితే అడుగు లోతు తీయించి ఆ మేరకు గ్రావెల్ నింపాలి. ఇవన్నీ వదిలేసి చదరపు అడుగుకు రాయి ధర మాత్రమే చెబితే ఎవరి అంచనా అయినా చవకగానే ఉంటుంది. ఇకపై అడుగుపనిని, రాయిని, కూలిని వేర్వేరుగా రాసి ఇస్తాము, పోల్చి చూసుకోండి.

వాటం సంగతి ఇల్లు పూర్తికాకముందే తేల్చుకోవలసినది. అడ్డంగా, గోడ నుంచి ప్రహరీవైపు, అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఉంటే చాలు. సందు పొడవునా నూటికి ఒకటి చొప్పున తీసుకున్నా 40 అడుగుల సందుకు ఒక కొసకూ మరో కొసకూ దాదాపు 5 అంగుళాల తేడా వస్తుంది. ఎత్తుగా ఉన్న కొస దగ్గర కూడా దారి బేస్‌మట్టానికి (ఇంటి పునాది గోడ పైమట్టానికి) కనీసం 6 అంగుళాలు కిందనే ఉండాలి; లేకపోతే గోడకు చెమ్మ ఎక్కుతుంది. దక్షిణం రోడ్డు ఉన్న ఇళ్లలో ఈశాన్యం పల్లంగా ఉండాలని వాస్తు చెబుతుంది, వీధి కాలువేమో ఇంటికి అవతలి వైపు ఉంటుంది. ఈ విషయమై ఇంటి యజమానితో గాని, సిద్ధాంతిగారితో గాని మేము వాదించము. నీటిని ఈశాన్యానికే తీసుకువెళ్లి, అక్కడి నుంచి తూర్పు సందు కింద పైపు వేసి వీధికి మళ్లించవచ్చు. అయితే ఆ పైపుకూ వాటం కావాలి, కాలువ అంతకంటే దిగువన ఉండాలి. అది కుదరని చోట ఇంకుడు గుంతే దారి. నల్లమట్టిలో నీరు మెల్లగా ఇంకుతుంది కనుక దాన్ని పునాదికి దూరంగా తవ్వించాలి.

రాయి ఎంపిక గురించి చెప్పవలసింది కొద్దే. పాలిష్ పట్టిన బ్లాక్ గెలాక్సీని పక్కసందుకు అమ్మము. చీమకుర్తి రాయి ఇంతటి పేరు తెచ్చిన జిల్లాలో ఈ మాట కొందరికి వింతగా తోచవచ్చు గానీ, సబ్బునీళ్లు పడితే అది జారుతుంది, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా దానిపై కాలు పెట్టలేము. మార్కాపురం పలకరాయి గరుకుగా ఉండి కాలికి పట్టునిస్తుంది. కింద సిమెంటు మాలు పూర్తిగా పట్టకపోతే మాత్రం పొరలు విరుగుతుంది. తాపీ పిడితో ప్రతి పలకనూ తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే వెంటనే తీయించండి. కడప బండ చవక, గట్టిది; బాత్రూము యాసిడ్ పడితే మాత్రం మచ్చలు పోవు. పేవర్ బ్లాకుల్లో నడకకు 50 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది; బండి లోపలికి తెచ్చేవారు 60 తీసుకోవడం మంచిది.

కొలతలకు పిలిచేటప్పుడు సంపు, సెప్టిక్ ట్యాంకు మూత, బోరు, ఎర్తింగ్ గుంత, డాబా నీళ్ల గొట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక కాగితంపై గీసి ఉంచండి. మూతల మీదుగా బండలు పరచము. తర్వాత తోటకో, గేటు దీపానికో తీగలు కావాలంటే, సందుకు అడ్డంగా రెండు ఖాళీ పీవీసీ పైపులు ముందే వేయించుకోండి. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నవారు సంక్రాంతికి ముందే కొలతలు ఇవ్వాలని మనవి. మెటీరియల్ డబ్బు ముందుగా తీసుకుంటాము. కూలి డబ్బు మాత్రం మీరు స్వయంగా బకెట్లతో నీళ్లు పోసి, అవి ఎక్కడా నిలవకుండా పోతున్నాయని చూసుకున్న తర్వాతే ఇవ్వండి.