మన చీరాల–పేరాల చరిత్ర ప్రదర్శనశాల: 2024–25 జమా ఖర్చులు, రుమాలు సంగతి

చందాలిచ్చిన పెద్దలకు, ఊరి వారందరికీ కమిటీ తరఫున నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు ప్రదర్శనశాలకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు కింద ఇస్తున్నాం. ఏటా గుమ్మం పక్కన అంటించే ఒక పేజీ కాగితమే ఇది. ఈసారి పొడుగైంది. మన దగ్గర ప్రదర్శనకు పెట్టిన పాత నేత గుడ్డ తేలియా రుమాలు, దాన్ని కాపాడటానికి కొన్న ఫ్రీజర్ గురించి లేచిన మాటలే కారణం. ‘రుమాలు అమ్మేశారట’, ‘మ్యూజియానికి ఐస్‌క్రీం ఫ్రిజ్ కొన్నారట’ అని టీ కొట్ల దగ్గర నడుస్తున్న మాటలు మా చెవిన పడ్డాయి. కమిటీలో ఉన్నవాళ్లందరం ఈ ఊళ్లోనే ఉంటాం, అడిగితే ఎవరమైనా చెప్పేవాళ్లం. అడగకుండా అనుకుంటున్నారు కాబట్టి రాసి చెబుతున్నాం.

జమ

పాత నిల్వ: రూ. 41,260
చందాలు (186 రసీదులు): రూ. 4,12,500
గుమ్మం దగ్గరి డబ్బా: రూ. 23,845
బడిపిల్లల నేత వర్క్‌షాప్ రుసుము, తలా రూ. 20: రూ. 9,600
బ్యాంకు వడ్డీ: రూ. 4,812
మొత్తం జమ: రూ. 4,92,017

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వంద రూపాయలకు కూడా రసీదు ఉంది. డబ్బాను ఎప్పుడూ ముగ్గురి ఎదుటే తెరిచి లెక్కపెట్టాం, ఆ కాగితం మీద ముగ్గురి సంతకాలూ ఉన్నాయి.

విదేశాల్లో ఉన్న మన ఊరి వారు పంపిన డబ్బు కూడా చందాల్లోనే కలిసి ఉంది. అయితే అందరి దగ్గరా తీసుకోలేకపోయాం. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి నుంచి తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, మన కమిటీకి అది లేదు. అమెరికా నుంచి ఒకాయన రెండు లక్షలు పంపుతానన్నారు, వద్దని చెప్పాం. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టున్నారు. డబ్బు చేదై కాదు, చట్టం ఒప్పుకోదు. ‘మా తమ్ముడి ఖాతాలో వేస్తాను, అక్కడి నుంచి తీసుకోండి’ అని సలహా ఇచ్చిన వారికి కూడా ఇదే జవాబు.

ఖర్చు

గది అద్దె, నెలకు రూ. 4,000: రూ. 48,000
కరెంటు: రూ. 27,318
వాచ్‌మన్ జీతం, నెలకు రూ. 7,000: రూ. 84,000
స్టేషనరీ, బ్యాంకు చార్జీలు, ఆడిట్: రూ. 11,240

వీటి గురించి చెప్పడానికేమీ లేదు. వాచ్‌మన్‌కు ఇచ్చేది తక్కువే. సాయంత్రాలు గది ఊడ్చేదీ, బడిపిల్లలు వచ్చినప్పుడు చెప్పులు వరసగా పెట్టించేదీ ఆయనే.

చీరాల–పేరాల ఉద్యమం ఫొటోలు, బోర్డులు: రూ. 38,650

మున్సిపాలిటీ పన్ను కట్టం అని 1921లో జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలి, ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్న కథ ఇది. దాన్ని ఆరు బోర్డుల్లో పెట్టాం. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళానికి ఒక బోర్డు, ఆ ఏడు ఏప్రిల్‌లో గాంధీ గారు చీరాల రావడానికి ఒకటి ఉన్నాయి. పాత పత్రికల్లో చూసుకోవడానికి పక్కనే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉండటం మన అదృష్టం. ‘మా తాత కూడా రామనగర్ వెళ్లాడు, ఆయన పేరు బోర్డు మీద ఎందుకు లేదు’ అని చాలామంది అడుగుతున్నారు. ఆ రోజుల్లో వెళ్లింది వేలల్లో జనం. కాగితం గానీ, ఫొటో గానీ, ఇంట్లో దాచిన ఉత్తరం గానీ తెస్తే దాన్ని ప్రదర్శనలోనే పెడతాం, పేరు కింద రాస్తాం. ఏమీ లేకుండా పేరు మాత్రం రాయమంటే రేపు రెండో వారు, ఎల్లుండి మూడో వారు వస్తారు. బోర్డు కాస్తా ఓటర్ల జాబితా అవుతుంది.

కార్యక్రమాలు: రూ. 31,420

బడిపిల్లలకు రాట్నం తిప్పడం, కండెలు (నూలు చుట్టే చిన్న గొట్టాలు) చుట్టడం నేర్పిన వర్క్‌షాప్‌లు, జూన్ 10న దుగ్గిరాల వారి వర్ధంతి సభ, పెద్ద వయసు నేతన్నల మాటల రికార్డింగు ఇందులోకి వస్తాయి. రికార్డింగుకు వచ్చిన పెద్దలకు ఆటో చార్జీ, టిఫిన్ మాత్రమే పెట్టాం, వాళ్లూ అంతకంటే అడగలేదు. సభలో దండలకు అంత ఖర్చెందుకని ఒకరు అడిగారు. దండలు రెండే. మిగతాది షామియానా, కుర్చీలు, మైకు.

ఇక అందరూ అడిగే దగ్గరికి వస్తున్నాం.

షోకేసు, ఇప్పటి వరకు చెల్లించింది: రూ. 1,12,000
డీప్ ఫ్రీజర్, స్టెబిలైజర్: రూ. 37,700
ఆమ్లం లేని కాగితం, చుట్టే గొట్టాలు, కోరా గుడ్డ, తేమ కొలిచే పరికరం: రూ. 26,875
వస్త్ర సంరక్షణ నిపుణురాలి ఫీజు, రాకపోకలు, బస: రూ. 32,000

కలిపితే రూ. 2,08,575. మొత్తం ఖర్చులో సగానికి కొద్దిగా తక్కువ. ‘ఒక్క పాత గుడ్డకు రెండు లక్షలా?’ అన్నారు. అది ఏ గుడ్డో ముందు చెప్పాలి.

తేలియా రుమాలు ఈనాటి పిల్లలు చూసి ఉండరు. ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ నూనెలోనూ నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, పడుగుకూ పేకకూ (నిలువు, అడ్డం పోగులకు) ముడులు కట్టి రంగులద్ది నేసేవారు. ఎరుపు, నలుపు, మధ్యలో తెలుపు. ఆ నూనె వల్లే ఆ పేరు. చీరాల నుంచి ఇవి అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లేవి, అక్కడి వారు తలకు చుట్టుకునేవారు. తర్వాత ఈ పని నల్లగొండ వైపు పుట్టపాకలో నిలబడింది, 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వాళ్లకే వచ్చింది. చీరాలలో మాత్రం చూపించుకోవడానికి మనకు మిగిలింది ఇంట్లో పెట్టెల అడుగున ఉన్నవే. మన దగ్గర ఉన్న రుమాలులో నాలుగు మూలలా గడియారాలు, మధ్య విమానం. ఇన్నేళ్ల తర్వాత కూడా ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా నూనె వాసన వస్తుంది.

ఇప్పుడు అమ్మకం సంగతి. ఆ రుమాలు కమిటీది కాదు. ఒక నేత కుటుంబం మనకు ఐదేళ్లకు ఇచ్చిన వస్తువు. ఒప్పంద పత్రం ఉంది, రిజిస్టర్‌లో దాని నంబరు, నాలుగు వైపుల ఫొటోలు, కొలతలు ఉన్నాయి. మనది కానిదాన్ని అమ్మితే జైలుకు పోయేది మేమే. అమ్మారని అన్న వారు ఆ ఇంటి వారిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఫిబ్రవరిలో ఆ ఇంటి పెద్దావిడ వచ్చి చూసుకున్నారు. గొట్టం మీద చుట్టిన రుమాలును బల్ల మీద మెల్లగా విప్పితే, ఆవిడ విమానం వైపు చూడనే లేదు. కుడి మూల వెతికి, తన అత్తగారు రఫ్ఫు చేసిన చోట వేలు పెట్టి, ‘ఇదే’ అన్నారు. రిజిస్టర్‌లో వేలిముద్ర వేసి వెళ్లారు.

మరి గాజుపెట్టె ఖాళీగా ఎందుకుంది? అక్టోబరులో రుమాలు కింద పరిచిన పాత అట్ట మీద సన్నటి పొడి కనపడింది. మడత దగ్గర వెండి రంగు పురుగులు రెండు పరుగెత్తాయి. అంచున బియ్యపుగింజంత చిరుగు. అదే రోజు తీసేశాం. ‘నాఫ్తలీన్ ఉండలు వేస్తే యాభై రూపాయలతో పోయేది’ అన్నవారు కనీసం పది మంది. ఆ వాసనకు పురుగు కొంత దూరం జరగవచ్చు గానీ గుడ్లు చస్తాయన్న భరోసా లేదు. పైగా తలుపులు మూసిన గదిలో ఆ ఆవిరి రోజంతా పీల్చేది వాచ్‌మన్. ఎండలో వేయమన్నారు. రుమాలు ఎరుపు ఎండకు వెలిస్తే మళ్లీ వచ్చేది కాదు. వేపాకు వేస్తే గుడ్డకు మరక పడుతుంది. చలి అయితే మందు లేకుండా చంపుతుంది. వస్తువును కోరా గుడ్డలో పెట్టి, పాలిథిన్ సంచిలో గాలి తీసి, టేపు వేసి, సున్నాకు ఇరవై డిగ్రీల కింద రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక మరో రోజు సంచి విప్పకూడదు, విప్పితే గాలిలో తేమంతా చల్లటి గుడ్డ మీదికి చేరుతుంది. ఇది మేము కనిపెట్టింది కాదు, మ్యూజియాలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని. దానికే ఫ్రీజర్.

అద్దెకు తీసుకోవచ్చు కదా అంటే, అడిగాం. చేపల ఐస్ గదులు ఉన్నాయి గానీ, అక్కడ పెట్టి తెచ్చిన రుమాలును ఆ ఇంటి వారికి ఏ మొహంతో చూపించాలి? పైగా ఒకసారితో అయ్యే పని కాదు. మగ్గంలో పోగులు వేరుచేసే వెదురు పన్నెలకు పుచ్చు పట్టింది, పేక నూలును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెల్లో రెండు పొడి రాలుస్తున్నాయి, పాత సహకార సంఘం లెక్కల పుస్తకాలు వంతుల్లో ఉన్నాయి. ఎవరింట్లోనైనా తాతల నాటి తాళపత్రాలు, దస్తావేజులు పురుగు పట్టి ఉంటే తెచ్చుకోండి, ఖాళీ ఉన్న వారాల్లో డబ్బు తీసుకోకుండా పెట్టిస్తాం. ఎండాకాలంలో ఫ్రీజర్‌లో మజ్జిగ ప్యాకెట్లు పెట్టుకున్నారన్న మాట మాత్రం శుద్ధ అబద్ధం. తాళం ఇద్దరి దగ్గరే ఉంది. తిండి ఆ గదిలోకి వస్తే బొద్దింకలు వస్తాయి, టీ కూడా వరండాలోనే తాగుతున్నాం.

షోకేసు ఆలస్యానికి కారణం ఉంది. మొదట వచ్చిన వడ్రంగి ప్లైవుడ్‌తో చేసి తెచ్చారు, చూడ్డానికి బాగుంది, ధర సగం. తలుపు తీస్తే జిగురు వాసన గుప్పుమంది. అలాంటి కొత్త చెక్క, జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి మూసిన పెట్టెలో గుడ్డను తినేస్తుందని నిపుణురాలు చెప్పారు. వెనక్కి పంపేశాం. అడ్వాన్సు ఇవ్వలేదు కాబట్టి నష్టమేమీ లేదు, పది వారాలు మాత్రం పోయాయి. తర్వాత లోహపు ఫ్రేము, లామినేటెడ్ గాజుతో చేయించాం. ఒప్పుకున్న ధర రూ. 1,40,000, ఇంకా రూ. 28,000 ఇవ్వాలి.

‘గుడ్డి దీపం పెట్టారు, ఏమీ కనపడదు’ అన్నది చివరి ఫిర్యాదు. నిజమే, వెలుతురు తక్కువ. ఇలాంటి రంగు గుడ్డలకు వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకూడదన్నది మ్యూజియాల్లో నడిచే లెక్క. గుడ్డ మీద పడిన వెలుతురు చేసే చెడు తిరిగి పోదు, ఏళ్ల తరబడి కూడుతూనే ఉంటుంది. అందుకే రుమాలును మూడు నెలలు చూపించి, మిగతా కాలం చీకట్లో చుట్టి ఉంచుతాం. ఆ నెలల్లో పెట్టెలో నాడెలు, కండెలు, ఒక పాత ఎగుమతి లేబులు ఉంటాయి. పెట్టెలో రుమాలు లేకపోతే పోయిందని అనుకోవద్దు. లోపలికి రాగానే ఒక నిమిషం నిలబడితే కళ్లు అలవాటు పడతాయి.

మొత్తం ఖర్చు: రూ. 4,49,203
నిల్వ: రూ. 42,814 (బ్యాంకులో రూ. 40,964, చేతిలో రూ. 1,850)

ఈ నిల్వలో షోకేసు బాకీ తీసేస్తే మిగిలేది రూ. 14,814. రెండు నెలల జీతం ఇస్తే ఆ డబ్బు అయిపోతుంది.

ఒక మాట చెప్పక తప్పదు. ప్రారంభ సభలో మైకులో చెప్పి ఇంకా ఇవ్వని చందాలు రూ. 1,35,000 ఉన్నాయి, ఇరవై రెండు మంది పేర్ల మీద. పేర్లు ఇక్కడ రాయం, రాయమని కొందరు గట్టిగా అన్నా వద్దనుకున్నాం. చప్పట్లు అప్పుడే కొట్టించుకున్నారు, డబ్బు ఇప్పుడు పంపితే చాలు. యాభై వేలు ఇస్తానన్న పెద్దమనిషి ‘నా ఫొటోతో ఫ్లెక్సీ కడితే ఇస్తాను’ అంటున్నారు. దాతల పేర్లన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే రాతి పలక మీద ఉంటాయని మొదటి సమావేశంలోనే తీర్మానం అయింది, దాని మీద ఆయన సంతకమూ ఉంది. ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ రసీదు వస్తేనే ఇస్తామన్నవారికి మనవి: దరఖాస్తు పెట్టాం, వచ్చిన రోజే ఫోన్ చేస్తాం.

రసీదు పుస్తకాలు, బిల్లులు, రుమాలు ఒప్పంద పత్రం, ఫ్రీజర్ వాడకం పుస్తకం ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి 12 వరకు ప్రదర్శనశాల బల్ల మీద ఉంటాయి. ఎవరైనా చూడవచ్చు, అనుమానం ఉన్నవారు మరీ రావాలి. ఫొటో తీసుకోవచ్చు, ఫ్లాష్ మాత్రం వద్దు. రుమాలు 2025 జూలై 6 ఆదివారం నుంచి మూడు నెలలు పెట్టెలో ఉంటుంది.

ఇట్లు,
ప్రదర్శనశాల కమిటీ, చీరాల