‘మీ రెండో వరుస మీకే ఉంది కదా సర్’: ఒక గోల్డ్ మెంబరు ఫిర్యాదు

విమాన సంస్థ లాయల్టీ (తరచూ ప్రయాణించేవారికి పాయింట్లిచ్చే) విభాగం అధిపతి గారికి,
ప్రతి: మీ పేరుతో క్రెడిట్ కార్డు ఇచ్చిన బ్యాంకు నోడల్ అధికారి గారికి

విషయం: డబ్బు కట్టి కొన్న సీటు, కార్డు మీద రావలసిన పాయింట్లు, వీటి గురించి ఎవరూ జవాబు చెప్పకపోవడం

అయ్యా / అమ్మా,

‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని మీ దగ్గర్నుంచి మళ్లీ మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో, ఎవరు పరిష్కరించారో అందులో లేదు. ఫోన్ చేసి అడిగితే అవతలి వాళ్లకూ తెలియదు. అందుకని స్టార్ల బదులు ఈ ఉత్తరం పంపుతున్నాను. కనీసం దీన్నైనా ఒక మనిషి చదవాలని కోరిక.

అసలు సంగతి చాలా చిన్నది. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి పాయింట్లతో రెండు టికెట్లు తీశాను. బేస్ ఫేర్, అంటే అసలు ఛార్జీ, పాయింట్లలోంచి పోయింది. యూడీఎఫ్ (విమానాశ్రయం వాడుకున్నందుకు రుసుము), మనిషికి 200 రూపాయల విమానయాన భద్రతా రుసుము, మిగతా పన్నులు మీ పేరున్న కార్డు మీదే కట్టాను. ఆ కార్డు బ్రోషర్లో అన్నిటికంటే పైన ‘ఉచిత సీటు ఎంపిక’ అని ఉంటుంది. పాయింట్ల బుకింగ్‌లో మాత్రం ఆ ఉచితం కనపడదు. ఎందుకంటే మీరు దాన్ని కోడ్ రూపంలో ఇస్తారు, ఆ కోడ్ కొట్టే గడి డబ్బు పెట్టి కొనే టికెట్ల పేజీలోనే ఉంటుంది. పాయింట్లు వాడుకునేది మీ పాత కస్టమర్లే, ప్రయోజనం అందనిదీ వాళ్లకే. దీన్ని డిజైన్ చేసినవారికి నా అభినందనలు చెప్పండి. అదే పేజీలో ప్రయాణ బీమా ముందు టిక్కు మాత్రం నేను పెట్టకుండానే పెట్టి ఉంది. అడగని సరుకును బుట్టలో వేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవారిని మభ్యపెట్టే డిజైన్ల) జాబితాలో చేర్చింది. టిక్కు తీసేశాను కాబట్టి దాని సంగతి వదిలేస్తున్నాను.

సీటుకు 600 చొప్పున 1,200 రూపాయలు కట్టి రెండో వరుసలో రెండు సీట్లు కొన్నాను. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఎక్కగానే కూర్చోవాలి, దిగేటప్పుడు నడవలో ఎక్కువసేపు నిలబడకూడదు. అప్పుడు మీ సీట్ మ్యాప్ చూపించింది ఎయిర్‌బస్ ఏ320. తర్వాత మీరు విమానం మార్చి ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం పెట్టారు. ఆ లైన్లో ఏటీఆర్ తిరగడం కొత్తేమీ కాదు, మార్చినందుకు తప్పు పట్టను. కానీ ఏటీఆర్‌లో ప్రయాణికుల తలుపు వెనకాల ఉంటుంది. ముందువైపు పెద్ద తలుపు సామాన్లకు. అంటే రెండో వరుసలో కూర్చున్నవాళ్లు నడవ అంతా నడిచి లోపలికి వెళ్లాలి, దిగేటప్పుడు విమానం దాదాపు ఖాళీ అయ్యాక కదలాలి. ముందు దిగడానికి కట్టిన డబ్బుతో చివర దిగే సీటు వచ్చింది. మీ సిస్టం మాత్రం పాత విమానంలోని వరుస నంబరును కొత్త విమానంలో అదే నంబరు మీద అతికించి, మార్పేమీ లేదని లెక్క రాసుకుంది.

ఇక మీ కాల్ సెంటర్. తెలుగుకు నంబరు నొక్కితే పాట వస్తుంది, పాట అయ్యాక హిందీ వస్తుంది. మొదట దొరికిన అమ్మాయి చాలా మర్యాదగా, ‘మీ రెండో వరుస మీకే ఉంది కదా సర్’ అంది. తలుపు వెనక ఉందండీ అంటే, ‘తలుపు గురించి మా దగ్గర ఆప్షన్ లేదు సర్’ అంది. ఆ మాటలో అబద్ధం లేదు, నిజంగానే వాళ్ల స్క్రీన్‌లో తలుపుకు గడి లేదు. తర్వాత దొరికిన అబ్బాయి సీటు ‘యూజ్డ్’ అని చూపిస్తోంది, రిఫండ్ రాదన్నాడు. ఇక్కడ కొంచెం ఆగి వివరంగా రాస్తాను, మీ వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

సీటు డబ్బు టికెట్లో భాగం కాదు. దానికి ఈఎండీ (ఎలక్ట్రానిక్ మిసలేనియస్ డాక్యుమెంట్) అని వేరే పత్రం పుడుతుంది, టికెట్‌కు ఉన్నట్టే దానికీ సొంతంగా 13 అంకెల నంబరు ఉంటుంది. అది టికెట్ కూపన్‌కు ముడిపడి ఉంటుంది గనుక, ప్రయాణికుడు విమానం ఎక్కగానే టికెట్‌తో పాటు అదీ వాడేసినట్టు నమోదవుతుంది. కొన్న సేవ అందిందా లేదా అని అక్కడ చూసేవాడు లేడు. అందుకే విమానం రకం మారినప్పుడు, ఎక్కకముందే, ఒక మనిషి ఆ ఈఎండీని విడదీసి వాపసు ఇవ్వాలి, లేదా ప్రయాణికుడిని అడిగి సరైన సీటుకు తగిలించాలి. ఎక్కిన తర్వాతైతే కాల్ సెంటర్ చేతిలో ఏమీ ఉండదు, రెవెన్యూ అకౌంటింగ్ విభాగం తెరవాలి. వాళ్లు చూడవలసింది ఒక్క లైను: ఆ రోజు షెడ్యూల్లో విమానం కోడ్ 320 నుంచి ఏటీ7 అయిందా? అయింది. ఇంతే పని. ఈ మాట అడిగిన ప్రతిచోటా చెప్పాను. ‘ఈఎండీ అంటే ఏంటి సర్?’ అన్నవారూ ఉన్నారు, ‘ఈఎంఐ గురించి బ్యాంకుని అడగండి’ అన్నవారూ ఉన్నారు.

మీ చాట్‌బాట్‌కి ‘సీటు’ అని కొడితే సీటు కొనుక్కునే లింకు పంపుతుంది. ‘సీటు వద్దు, డబ్బు కావాలి’ అంటే టికెట్ రద్దు చేసే లింకు పంపుతుంది. ఈమెయిల్‌కు జవాబుగా వచ్చే ఫిర్యాదు నంబరు తిరిగి రాసినప్పుడల్లా మారిపోతుంది, గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. సోషల్ మీడియాలో రాస్తే నిమిషాల్లో ‘డీఎం చేయండి’ అని అందరికీ కనపడేలా పెట్టారు. డీఎంలో అన్ని వివరాలూ పంపాక అక్కడ చీమ చిటుక్కుమనలేదు. రాజమండ్రిలో దిగాక మధురపూడి విమానాశ్రయంలో మీ కౌంటర్‌లో అడిగితే ఒక కాగితం ముక్క మీద నంబరు రాసిచ్చారు. అది ఆ కాల్ సెంటర్ నంబరే.

బ్యాంకువారి కథ వేరు. ‘సీటు ప్రయోజనం ఎయిర్‌లైన్ వాళ్లది, మేం కార్డు మాత్రమే ఇస్తాం’ అని వాళ్లు. ‘అది కార్డు ప్రయోజనం, బ్యాంకుని అడగండి’ అని మీరు. రిజర్వ్ బ్యాంకు 2022లో క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో కో-బ్రాండ్ భాగస్వామి, అంటే కార్డు మీద బ్యాంకుతో పాటు పేరున్న మీలాంటి సంస్థ, పని ఏమిటో స్పష్టంగా ఉంది: కార్డును ప్రచారం చేయడం, పంపిణీ చేయడం, తను ఇస్తానన్న వస్తువులు, సేవలు కార్డుదారుకు అందేలా చూడటం. సీటు ఇవ్వవలసింది మీరు, కార్డు మీద ఫిర్యాదు తీసుకోవలసింది బ్యాంకు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకోవడానికి ఆ ఆదేశాల్లో చోటు లేదు. ఏటా వార్షిక రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ మాత్రం ఏ తికమకా లేకుండా తేదీ తప్పకుండా పడుతున్నాయి.

పాయింట్లదీ ఇదే వరస. కార్డు ఖర్చు మీద పాయింట్లను బ్యాంకు ప్రతి స్టేట్‌మెంట్ తర్వాత ఒక ఫైల్‌లో మీకు పంపుతుంది. ఆ ఫైల్లో పేరు, సభ్యత్వ నంబరు రెండూ కలవాలి. నా కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంది, మీ ఖాతాలో పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తిగా ఉంది. ఫైల్ తిరస్కరించారు. తిరస్కరించినట్టు నాకు చెప్పలేదు, బ్యాంకుకీ అర్థమయ్యేలా చెప్పలేదు. ‘పంపేశాం’ అని వాళ్లు, ‘రాలేదు’ అని మీరు. తెలుగువాళ్లలో చాలామంది ఇంటిపేరును పొడి అక్షరంగానే రాసుకుంటారు. ఈ ఊళ్లకు విమానాలు నడుపుతూ ఇంత కాలంగా మీకు ఇది తెలియకపోవడం ఆశ్చర్యమే. ఇదే కార్డు ఉన్నవాళ్లెవరైనా దీన్ని చదువుతుంటే ముందు ఈ పేర్లు రెండూ సరిచూసుకోండి. అలాగే టికెట్ ట్రావెల్ ఏజెంట్ సైటులో కొంటే అది 4722 అనే వ్యాపార కోడ్ కింద పడుతుంది, విమాన సంస్థల కోడ్ కింద కాదు. ఎక్కువ పాయింట్లు రాకపోవడానికి చాలాసార్లు అదే కారణం.

ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, కార్డు అమ్మేటప్పుడు విమానాశ్రయంలో వెంటపడి మరీ బ్రోషర్ చేతిలో పెట్టిన మీరు, ఇప్పుడు గోల్డ్ మెంబరుకు ఒక్క మనిషితో మాట్లాడించలేకపోతున్నారు. రాజమండ్రికి దారులు లేక మీ విమానం ఎక్కడం లేదండీ. హైదరాబాద్ నుంచి రైళ్లున్నాయి: వందే భారత్ ఉంది, గోదావరి ఉంది, గౌతమి ఉంది. వాటిలో తలుపు ఎటువైపు ఉంటుందో ఎక్కేవాళ్లందరికీ తెలుసు.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మీకు సీటు, భోజనం, లాంజ్, చెక్‌ఇన్ బ్యాగేజీ లాంటివి టికెట్ నుంచి విడదీసి అమ్ముకునే వీలు ఇచ్చింది. ప్రయాణికుడు తనంతట తాను ఎంచుకుంటేనే అమ్మాలని షరతు పెట్టింది. నేను ఎంచుకున్నాను, డబ్బు కట్టాను. ఎంచుకున్నది ఇవ్వలేనప్పుడు 1,200 తిరిగి కార్డులో వేయడానికి ఇంత తతంగం ఎందుకు? ఆగిపోయిన పాయింట్లు జమ చేయండి. పేరు, హోదా ఉన్న ఒక అధికారి సంతకంతో జవాబు రాయండి. నిజం చెప్పాలంటే, ఈ మూడో దాని కోసమే ఇంత రాశాను.

జవాబు రాకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల ప్రభుత్వ పోర్టల్ ఎయిర్‌సేవలో, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. 1,200 రూపాయల కోసం అంత దూరం ఎవరు వెళ్తారనుకుంటున్నారేమో, నేను వెళ్తాను. కార్డు మూసేయమని ఈ ఉత్తరంతో పాటే బ్యాంకుకు విడిగా రాశాను, బాకీ సున్నా. ఏడు పనిదినాల్లో మూయకపోతే ఆ తర్వాత రోజుకు 500 రూపాయల చొప్పున నాకు చెల్లించవలసి ఉంటుందని నోడల్ అధికారి గారికి గుర్తుచేస్తున్నాను.

జతచేసినవి: రెండు టికెట్లు, రెండు ఈఎండీల నంబర్లు, బుకింగ్ రోజు సీట్ మ్యాప్, బోర్డింగ్ పాసులు, కార్డు స్టేట్‌మెంట్, మీరు ‘పరిష్కరించిన’ ఫిర్యాదుల నంబర్లన్నీ.

ఇట్లు,
ప్రస్తుతానికి మీ గోల్డ్ మెంబరు