ఇన్సులిన్ మానేశారు సరే, ఆ మాత్రల మాటేంటి?

ఎడిటర్ గారికి,

మూలకణాలతో షుగర్ తగ్గిపోతోందని వార్త వచ్చిన ప్రతిసారీ సంతోషంగానే చదువుతాను, కానీ సగం సంగతి ఎగరగొట్టేస్తున్నారండీ. జిమిస్లెసెల్ అనే చికిత్సలో, మూలకణాల నుంచి తయారుచేసిన ఐలెట్ కణాలు (క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసేవి) పూర్తి డోసు ఎక్కించిన 12 మంది టైప్-1 షుగర్ రోగుల్లో 10 మందికి ఏడాది తిరిగేసరికి ఇన్సులిన్ అవసరం లేకుండా పోయిందని 2025లో వచ్చింది. నిజమే. పరాయి కణాల్ని ఒళ్లు చంపేయకుండా వాళ్లంతా ఇమ్యూనిటీని అణిచే మందులు వాడుతున్నారన్న ముక్క మాత్రం ఎక్కడా కనపడదు.

మా ఉద్దానం వైపు కిడ్నీ మార్పిడి జరిగిన ఇంట్లో, అలా ఇమ్యూనిటీని అణిచే టాక్రోలిమస్ పేరు చదువురాని ముసలమ్మకైనా నోటికొచ్చు. పూట తప్పితే టెన్షన్, కాస్త జ్వరం తగిలినా ఆసుపత్రికి పరుగు. తమాషా ఏంటంటే ఆ మందే కొందరికి కొత్తగా షుగర్ తెప్పిస్తుంది, కిడ్నీని కూడా దెబ్బతీస్తుంది.

"సొంత కణాలైతే ఆ గొడవ ఉండదు కదా" అంటారు. చైనాలోని తియాన్‌జిన్‌లో ఒకామెకి తన కొవ్వు కణాల నుంచే ఐలెట్లు తయారుచేసి పెట్టారని 2024లో గొప్పగా రాశారు, ఆమె అప్పటికే లివర్ మార్పిడి వల్ల ఆ మందులే మింగుతోందని రాయలేదు. అసలు టైప్-1లో ఒళ్లు తన సొంత ఐలెట్లనే చంపుకుంటుంది, మరి సొంత కణాలైనా గొడవ తప్పినట్టేనా!

నిజంగా వార్త అంటే స్వీడన్‌లోని ఉప్సాలాది. చనిపోయిన దాత ఐలెట్లలో రెండు జన్యువుల్ని పనిచేయకుండా చేసి పరాయి కణమని ఒళ్లు పసిగట్టే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు కనపడకుండా చేశారు. గుర్తుల్లేని కణం మీద పడే ఎన్‌కే అనే ఇమ్యూనిటీ కణాలు ఊరుకునేలా సీడీ47 ప్రొటీన్ పెంచారు. ఇమ్యూనిటీని అణిచే ఏ మందూ లేకుండానే అవి బతికి ఇన్సులిన్ తయారుచేశాయి. ఒక్క మనిషిలో, అదీ తక్కువ డోసు, ఇన్సులిన్ మానేసేంత కాదు. ఇదే పద్ధతి మూలకణాల మీద కూడా చేస్తున్నారు. ఒంటికి కనపడని కణం రేపు గడ్డగా మారితే పట్టేదెవరన్న భయమూ ఉంది, అందుకే అవసరమైతే ఆ కణాల్ని చంపేసే స్విచ్ ముందే పెట్టే ప్రయత్నాలూ జరుగుతున్నాయి.

కాబట్టి ఇకమీదట కణాలు ఎవరివి, ఎంతమందికిచ్చారు, ఏ మందులు వాడుతున్నారు, ఈ మూడూ మొదటి పేరాలోనే రాయండి. ఇంకో మాట, రక్తజబ్బులకి చేసే మార్పిడి లాంటి అనుమతి ఉన్నవి తప్ప మిగతా మూలకణ చికిత్సలు ట్రయల్స్‌లో మాత్రమే చేయాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. కిడ్నీ బాగుచేస్తామనే ప్రకటనలు మీ దగ్గరికొస్తే వేసే ముందు అది చూడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా