తక్‌పట్టీ మీద పేరు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. మా ఊరి డ్వాక్రా సంఘం అక్కల కాగితాల వెంట తిరుగుతూ జవాబు రాయడం ఆలస్యం చేశాను, కోపగించుకోకు.

మా కోడుమూరు వైపు నాటు వేసేదీ, కలుపు తీసేదీ, తెల్లవారకముందే వంకాయలూ గోరుచిక్కుళ్లూ కోసి గంపలకెత్తేదీ ఆడవాళ్లే. అయితే ఆ గంపలు మండీకి చేరాక తక్‌పట్టీ, అంటే సరుకు బరువూ ధరా కోతలూ రాసి ఇచ్చే చీటీ, మాత్రం భర్త పేరిట వస్తుంది, కమీషనూ హమాలీ పోగా మిగిలినది ఆయన జేబులోకి వెళ్తుంది. మొన్న ఒక అక్క చీర కొంగున ముడివేసి తెచ్చిన తక్‌పట్టీని నా చేత చదివించుకుంది. "ఇంట్లో తూచి 80 కిలోలు పంపిస్తిమి, ఈడ 72 రాసినారేం సార్?" అని అడిగింది. మిగిలిన ఎనిమిది కిలోలూ తరుగు కింద పోయాయని చెప్పడానికి నాకే సిగ్గు వేసింది. ఆమే స్వయంగా వెళ్లి అడగవచ్చు కదా అంటావేమో. అర్ధరాత్రి దాటాక మొదలయ్యే ఆ మండీలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కూడా లేదు.

అందుకే కర్నూలు సీ క్యాంపు రైతుబజారు మీద ఆశ పెట్టుకున్నాం. 1999లో మొదలైన ఈ బజార్లలో దళారీ ఉండడు, కమీషన్ ఉండదు, ధర కూడా టోకు ధర కన్నా ఎక్కువగా, బయటి చిల్లర ధర కన్నా తక్కువగా నిర్ణయిస్తారు. కానీ అక్కడ కూర్చోవడానికి రైతు గుర్తింపు కార్డు కావాలి, కార్డుకని వెళితే మమ్మల్ని మొదట అడిగినది భూమి పాసుపుస్తకం. పన్నెండు మందిలో తమ పేరిట భూమి ఉన్నవాళ్లు ముగ్గురే. మిగిలినవాళ్లకు 2019 నాటి చట్టం కింద కౌలుదారులకు ఇచ్చే సాగు హక్కు పత్రం ఉపయోగపడుతుందేమో అనుకుంటే, దానికి భూయజమాని సంతకం ఉండాలట. సొంత మొగుడికే కౌలుదారునని రాయించుకోవాలా అని ఒకామె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ప్రస్తుతానికి ఆ ముగ్గురి చేత దరఖాస్తులు పెట్టించాను. కార్డులు వస్తే ముగ్గురూ తమ చేలలోని కూరగాయలను ఒకే ఆటోలో వేసుకుని వెళ్తారు, నలభై కిలోమీటర్ల బాడుగను పంచుకుంటారు. మిగిలిన తొమ్మిది మంది గంపలు మండీకే పోవాలి గనుక, ఊరు దాటకముందే తూచి, బరువును సంఘం పుస్తకంలో రాసి పంపాలని తీర్మానించుకున్నాం.

అనంతపురంలో నువ్వు మూసేసిన కిరాణా కొట్టు కాటా ఇంకా ఉందా? ఉంటే తూనికలు, కొలతల శాఖ ముద్ర వేయించి, వచ్చే ఆదివారం లోపల బస్సులో వేసి పంపు.

ఇట్లు,
నీ మిత్రుడు