పాత యూపీవీసీ కిటికీల హ్యాండిళ్లు: మా కస్టమర్లకు ఒక మాట

ఈ నెల నుంచి కిటికీ హ్యాండిల్ ఊగుతోందని ఫోన్ చేస్తే వెంటనే మనిషిని పంపం. ముందు అర నిమిషం వీడియో అడుగుతాం. రెండు స్క్రూలు బిగించే పనికి విజిట్ చార్జీ తీసుకోవడం మాకే బాగోలేదు. ఒక్కోసారి అది హ్యాండిల్ ధరను మించుతోంది కూడా.

ఇది తలుపులా తెరుచుకునే కిటికీల సంగతి. హ్యాండిల్ అడుగున ఉన్న పట్టీ కింద పైనొకటి, కిందొకటి స్క్రూలు ఉంటాయి. చాలామందికి అవి కనబడవు. పట్టీ మీది ప్లాస్టిక్ మూతను గోటితో కాస్త పైకి లేపి అడ్డంగా తిప్పితే బయటపడతాయి. కొన్నింటికి స్క్రూ తలల మీద చిన్న బిళ్లలుంటాయి, పల్చటి చాకు మొనతో లేపాలి. ఇంకొన్ని రకాల్లో కింది స్క్రూ హ్యాండిల్ చాటున ఉంటుంది. హ్యాండిల్‌ను తెరిచే వైపు తిప్పితే తప్ప దొరకదు.

2వ నంబరు స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. డ్రిల్ మిషన్ మాత్రం వద్దు. పైది కాస్త, కిందిది కాస్త, మార్చి మార్చి బిగించండి. పట్టీ రెక్కకు (కిటికీలో తెరుచుకునే భాగానికి) ఆనాక ఇంకో పావు చుట్టు, అక్కడితో ఆపేయండి. బలం చూపిస్తే లోపలి మర ఊడుతుంది, లేదా హ్యాండిల్ బిగుసుకుపోయి తిరగదు. నెల తిరక్కుండా మళ్లీ వదులైతే స్క్రూ తీసి, మరకు ఒక్క చుక్క థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) పెట్టి బిగించండి. నీలం రంగుది, మధ్య రకం. ప్లాస్టిక్‌కు తగిలితే కొన్ని రకాలు పగులుతాయి కాబట్టి చుక్క దాటనివ్వకండి.

స్క్రూ ఆగకుండా తిరుగుతుంటే మర పోయినట్టే. ప్రొఫైల్‌లోకి (రెక్కకు వాడిన ప్లాస్టిక్ బద్దలోకి) నేరుగా దిగే స్క్రూ అయితే 4.2 మి.మీ. తీసేసి 4.8 వేయొచ్చు, పొడవు మాత్రం అంతే ఉండాలి. పొడుగుది వేస్తే లోపల జారే లాక్ పట్టీకి తగిలి కిటికీ మొత్తం పట్టేస్తుంది. లోపలి గేర్‌బాక్స్‌లోకి (హ్యాండిల్ తిప్పితే లాక్ పట్టీని జరిపే పెట్టెలోకి) దిగే ఎం5, అంటే 5 మి.మీ. స్క్రూకు ఈ చిట్కా పనికిరాదు, గేర్‌బాక్సే మార్చాలి.

ఒక వింత కేసు ఉంటుంది: స్క్రూ గట్టిగా బిగుస్తుంది, హ్యాండిల్ మాత్రం ఊగుతూనే ఉంటుంది. స్క్రూ పొడవెక్కువై, తల పట్టీని నొక్కకముందే మొన అడుగుకు తగిలిందన్నమాట. 2, 3 మి.మీ. కోసి ఆకురాయితో నున్నగా చేస్తే సరిపోతుంది.

పట్టీ కదలకుండా హ్యాండిల్ కాడ ఒక్కటే వేలాడుతుంటే లోపలి స్ప్రింగు అరిగింది. దానికి రిపేరు లేదు, కొత్తదే. ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. ఇన్నాళ్లూ రంగు మాత్రమే అడిగి హ్యాండిల్ పంపేవాళ్లం. అసలు అడగాల్సింది వెనకనుండే నలుపలకల కడ్డీ కొలత. దాని మందం చాలావరకు 7 మి.మీ., స్క్రూల మధ్య దూరం 43 మి.మీ. కడ్డీ పొడవే ప్రొఫైల్‌ను బట్టి మారుతుంది: 25, 30, 35, 40 ఇలా. కడ్డీ పొట్టిదైతే గేర్‌బాక్స్ రంధ్రంలో అంచు మాత్రమే పట్టి, కొన్నాళ్లకు ఆ రంధ్రాన్నే గుండ్రంగా అరగదీస్తుంది. పొడుగుదైతే పట్టీ రెక్కకు ఆనదు, అయితే హాక్సాతో కోసుకోవచ్చు. సందేహంగా ఉంటే పొడుగుదే తీసుకోండి. పట్టీ వెనక నుంచి కడ్డీ కొన దాకా స్కేలు పెట్టి ఫొటో పంపితే సరైనది ఇస్తాం.

హ్యాండిల్ విప్పేటప్పుడు కిటికీ లాక్ తీసి ఉంచండి. లాక్‌లో ఉండగా విప్పాక గేర్‌బాక్స్ పాడైందని తేలితే రెక్క తెరవడం పెద్ద తలనొప్పి. మేడ మీద బయటికి తెరుచుకునే రెక్కైతే ఇంకొకరు పట్టుకుని ఉండాలి, గాలి విసురుగా ఉన్న రోజు ఆ పనే పెట్టుకోవద్దు.

అసలు స్క్రూలు ఎందుకు వదులవుతాయి? రెక్క తెరిచి ఉండగా హ్యాండిల్ తిప్పి చూడండి. అప్పుడు సులువుగా తిరిగి, మూసినప్పుడు మాత్రం మొరాయిస్తే తప్పు హ్యాండిల్‌ది కాదు. గాజు బరువుకు రెక్క కిందికి జారింది. లాక్ రోలర్లు ఫ్రేములోని పట్టీలకు సూటిగా పడటం లేదు. రోజూ బలవంతంగా తిప్పే ఆ జోరంతా రెండు స్క్రూల మీద పడుతుంది. ముందు హింజ్ స్క్రూలు బిగించి చూడండి. అప్పటికీ జారుడు పోకపోతే గాజు కింద ప్యాకింగ్ (ఎత్తు సరిచేసే ప్లాస్టిక్ ముక్కలు) సర్దాలి, ఆ పనికి మమ్మల్ని పిలవండి. హ్యాండిల్ మార్చమని మాత్రం అడగొద్దు, కొత్తదానికీ అదే గతి.

రోలర్లకు, లాక్ పట్టీకి ఆరు నెలలకోసారి సిలికాన్ స్ప్రే కొట్టండి. కొబ్బరినూనె వేస్తే దుమ్ము పట్టి జిగురవుతుంది. మిషన్ ఆయిల్ ఇనుప భాగాలకు ఫరవాలేదు గానీ చుట్టూ ఉన్న నల్ల రబ్బరుకు తగలనివ్వకండి, ఉబ్బిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో స్క్రూలు తుప్పు పట్టి ఉంటే 316 స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించుకోండి.

జరిపే కిటికీల్లో టచ్ లాక్ (రెక్క అంచున వేలితో నొక్కి తీసే లాక్) వదులవడానికి చాలాసార్లు కారణం ఒక్కటే: ట్రాకులో మట్టి చేరి రెక్క బరువెక్కితే అందరూ లాక్ పట్టుకునే లాగుతారు. ముందు ట్రాకు ఊడ్చండి, తర్వాత స్క్రూలు.

చివరగా, మరీ పాత కిటికీల గేర్‌బాక్సులన్నీ మా దగ్గర స్టాకు లేవు. హ్యాండిల్ విప్పినప్పుడు రెక్క అంచున గేర్‌బాక్స్ మీద చెక్కిన అంకెలు ఫొటో తీసి పంపండి. దొరుకుతుందో లేదో అడ్వాన్సు తీసుకోకముందే చెప్తాం.