1714 నాటి స్పెయిన్ నాణెం కొనబోయే ముందు

విజయవాడ

చిరంజీవి మాధవికి,

నాన్న ఆశీస్సులు. ఫ్లోరిడా తీరంలోని దుకాణంలో నువ్వు తీసిన బంగారు నాణెం ఫోటోలు అందాయి. ఒకవైపు శిలువ, మరోవైపు కిరీటం కింద డాలు, 1714 అనే సంవత్సరం, మెక్సికో టంకసాల గుర్తు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది మునిగిన స్పెయిన్ ఓడల నుంచి దొరికిందని అమ్మేవారు చెబుతున్నారని, అసలుదేనా కాదా ఎలా తెలుసుకోవాలని డబ్బు చెల్లించక ముందే అడిగావు కనుక నాకు తెలిసినంతా వివరంగా రాస్తున్నాను.

అమ్మేవారు నీకు చెప్పిన ఓడల సంగతి నిజమే. 1715 జులై నెలాఖరున, హవానా నుంచి స్పెయిన్‌కు సంపద మోసుకెళ్తున్న ఓడల్లో పదకొండు తుఫానుకు చిక్కి ఫ్లోరిడా తూర్పు తీరాన పగిలిపోయాయి, వెయ్యి మందికి పైగా చనిపోయారు. 1960లలో నిధుల కోసం వెతికే కిప్ వాగ్నర్ బృందం అక్కడ పెద్దయెత్తున నాణేలను వెలికితీసింది, ఆ తర్వాత కూడా దొరుకుతూనే ఉన్నాయి. అసలు నాణేలు అంత పేరు పొందాయి కనుకనే వాటి నమూనాలు ఆ తీరం పొడవునా అమ్ముడవుతున్నాయి. నమూనాను నమూనాగా అమ్మితే తప్పు లేదు. 1973లో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం అలాంటి వాటి మీద ‘కాపీ’ అనే మాట ముద్రించి ఉండాలి. అందువల్ల ముందుగా ఆ మాట కోసం రెండు ముఖాలూ వెతుకు, ఏదైనా ఒకచోట మాత్రమే ఆకురాయితో అరగదీసిన జాడ ఉందేమో కూడా చూడు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది తయారీ. 1732లో మెక్సికోలో బంగారు నాణేలకు యంత్రాలు వచ్చేదాకా వాటిని చేత్తోనే కొట్టేవారు. బంగారపు ముక్కను రెండు అచ్చుల మధ్య ఉంచి సుత్తితో మోదేవారు, తూకం సరిపోయేలా అంచులను కత్తిరించేవారు. గుండ్రంగా ఉందా, ముద్ర నడిమధ్యన పడిందా అని పట్టించుకునేవారు కాదు, తూకం సరిగ్గా ఉంటే చాలు. అందువల్ల ఏ రెండు నాణేల అంచులూ ఒకేలా ఉండవు, చాలా వాటిలో సంవత్సరం అంకెలు సగమే పడి ఉంటాయి లేదా అసలే ఉండవు. రాజుకు కానుకగా ప్రత్యేకించి గుండ్రంగా కొట్టినవి కొన్ని ఉన్నాయి కానీ, వాటి ధర ఆ దుకాణం మొత్తం అమ్మినా రాదు. నమూనాలు చేసేవారు మాత్రం కొనేవారికి నచ్చాలని సంవత్సరం, శిలువ, డాలు అన్నీ పూర్తిగా కనిపించే నాణేన్నే ఎంచుకుని, దాని నుంచి అచ్చు తీసి వందల కొద్దీ పోతపోస్తారు. ఆ మూల నాణెం అంచులోని వంకర, దాని మీది చిన్న పగులు కూడా ప్రతి నమూనాలోనూ అదే చోట వస్తాయి. నీ ఫోటోలోని నాణెం అంచుతో సరిగ్గా కలిసే అంచు ఆ తీరంలో ఇంకెక్కడైనా నీకు కనబడితే అది నమూనాయే, ఇక వేరే పరీక్ష అవసరం లేదు.

పోతపోసిన దాన్ని భూతద్దంతో చూస్తే అక్షరాల అంచులు మొద్దుబారి, ఉపరితలం మీద సన్నని గాలిబుడగల గుంటలతో కనిపిస్తుంది, పక్క అంచు చుట్టూ రెండు అచ్చులు కలిసిన గీత ఉండవచ్చు. సముద్రంలో వెండి నల్లబడి తినుకుపోతుంది, బంగారం మాత్రం మూడు వందల ఏళ్లు ఉన్నా మెరుస్తూనే వస్తుంది. నీ ఫోటోలో గుంటల్లో పేరుకున్న నలుపు, ఆకుపచ్చ రంగు నాకు అనుమానం కలిగిస్తున్నాయి, ఎందుకంటే పాతదనం చూపించడానికి పూసిన పూత అలాగే ఉంటుంది.

తర్వాత తూకం. ఎస్కుడో అంటే ఆనాటి స్పెయిన్ బంగారు నాణేల ప్రమాణం. ఎనిమిది ఎస్కుడోల నాణెం 27 గ్రాములు తూగాలి, మన లెక్కలో మూడు కాసులకు పైగా. నాలుగు ఎస్కుడోలది దాదాపు 13.5, డబ్లూన్ అని పిలిచే రెండు ఎస్కుడోలది సుమారు 6.8 గ్రాములు. బంగారు పూత పూసిన ఇత్తడి అదే పరిమాణంలో సగం బరువే ఉంటుంది. నమూనాను మందంగా చేసి బరువు సరిపెట్టే అవకాశం ఉంది కనుక నీటి పరీక్ష కూడా చేయించు. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో వేలాడదీసి అడుగు తగలకుండా ముంచాలి. 22 క్యారట్ల 27 గ్రాముల నాణెమైతే కాటా దాదాపు ఒకటిన్నర గ్రాములు చూపిస్తుంది, అదే బరువున్న ఇత్తడి అయితే మూడు గ్రాములు దాటుతుంది. గీటురాయి మీద మాత్రం గీయనివ్వకు, యాసిడ్ చుక్క వేయనివ్వకు. కొత్త నగకు అది పరీక్ష, పాత నాణేనికి గాయం.

బంగారమే అని తేలినంత మాత్రాన పని పూర్తి కాదు, తల్లీ. నిజమైన బంగారంతోనే కొత్తగా చేసి పాతవని చెప్పేవారు ఉన్నారు. బంగారం వన్నెను కొలిచే క్యారట్ మీటర్ ఇక్కడ ఉపయోగపడుతుంది. 1714 నాటిది 22 క్యారట్లు ఉండాలి, స్పెయిన్ వన్నెను 1772లోనూ 1786లోనూ తగ్గించింది కాబట్టి ఆ తర్వాతివి 21కి దగ్గరగా ఉండాలి, 24 క్యారట్లు చూపిస్తే అది పాత నాణెం కాదు. వన్నె చూసి బాధ్యత వహించిన టంకసాల అధికారి పొడి అక్షరం కూడా సంవత్సరంతో కలవాలి, 1714 మెక్సికో నాణెం మీద అది జె అక్షరం.

వెలికితీసిన సంస్థ ఇచ్చిన పత్రం ఉంటే దానిలోని ఫోటోలో అంచు వంకరలను, ముద్ర లోపాలను నాణెంతో ఒక్కొక్కటిగా పోల్చు. పత్రం లేకపోతే, నాణేల నిపుణుడికి చూపించే వరకు డబ్బు చెల్లించనని వారికి మర్యాదగా చెప్పు. దాన్ని రుద్దవద్దు, కడగవద్దు. అంచును నాలుగు వైపుల నుంచీ దగ్గరగా తీసిన ఫోటోలు, గ్రాములలో తూకం నాకు పంపించు.

ఆశీస్సులతో,
నాన్న